కదలలేని బొమ్మలే ఎందుకు నిలిచాయి?

ఆటబొమ్మకు ప్రాణం వచ్చే కథలు అచ్చులోకి వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. 1816లో జర్మన్ రచయిత హాఫ్‌మన్ రాసిన నట్‌క్రాకర్ కథ, 1838లో డెన్మార్క్‌లో అండర్సన్ రాసిన ఒంటికాలి తగరపు సిపాయి కథ, 1883లో ఇటలీలో పుస్తకంగా వచ్చిన పినోకియో, 1922 నాటి వెల్వెటీన్ ర్యాబిట్, 1926 నాటి విన్నీ ద పూ, 1968 నాటి కార్డురాయ్, 2004 నాటి క్నఫుల్ బన్నీ ఈ దారిలో కనిపించే పెద్ద మజిలీలు. పసివాళ్లకు లోకంలో ప్రతిదీ ప్రాణమున్నట్టే తోస్తుంది కాబట్టి ఇలాంటి కథలు వాళ్లకు నచ్చుతాయని మామూలుగా చెబుతుంటారు. ఆ మాటతో సరిపెట్టుకుంటే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ప్రాణమున్న బొమ్మల పుస్తకాలు వందల కొద్దీ వచ్చాయి. వాటిలో కొన్నే తరాలు దాటి ఎందుకు బతికాయి? వాటిని పక్కపక్కన పెట్టి చదివితే నాకు కనిపించే జవాబు ఇది. బొమ్మకు రచయిత ఎంత శక్తి ఇచ్చాడన్నది కాదు, ఎక్కడ ఆపాడన్నదే పుస్తకం ఆయుష్షును తేల్చింది. నిలిచిన కథల్లో బొమ్మ చూస్తుంది, తలపోస్తుంది, ప్రేమిస్తుంది. కానీ తన బతుకును తాను నడుపుకోలేదు. కదిలినా మనిషి కంట పడదు. కష్టం వస్తే నోరు తెరిచి చెప్పుకోలేదు.

అండర్సన్ సిపాయిని చూడండి. పాత తగరపు గరిటె ఒకటి కరిగించి పాతికమంది సిపాయిలను పోత పోస్తే, చివరివాడికి లోహం చాలక ఒక కాలు రాలేదు. రాత్రి ఇంటివాళ్లు పడుకున్నాక మిగతా బొమ్మలన్నీ అల్లరి చేస్తుంటే, ఇతను మాత్రం కాగితపు నాట్యకత్తె వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. కిటికీ లోంచి వీధిలో పడిపోయినప్పుడు పనిమనిషి, పిల్లవాడు వెతుక్కుంటూ వస్తారు, తొక్కబోయి తప్పుకుంటారు కూడా. ఒక్క కేక వేస్తే దొరికిపోయేవాడే. యూనిఫాంలో ఉన్నవాడు అరవడం మర్యాద కాదని ఊరుకుంటాడు. అక్కడి నుంచి కాగితపు పడవలో మురుగు కాలువ, చేప కడుపు, చేపల బజారు, చివరికి మళ్లీ అదే ఇంటి వంటగది. ఇంత ప్రయాణంలో అతను తన ఇష్టంతో చేసిన పని నోరు విప్పకపోవడం ఒక్కటే. ఆఖరికి ఒక పిల్లవాడు కారణం లేకుండానే అతన్ని తీసి పొయ్యిలో పడేస్తాడు. తెల్లారి బూడిదలో గుండె ఆకారంలో తగరపు ముద్ద దొరుకుతుంది. కాలు లేనివాడిగా మొదలై కరిగిపోయినవాడిగా ముగిసే ఈ పాత్రకు అండర్సన్ ఒక్క అద్భుతశక్తి కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఇది మరో సాహసకథ అయ్యేది, ఆ బూడిదకు ఈ బరువు ఉండేది కాదు.

మార్జరీ విలియమ్స్ వెల్వెటీన్ ర్యాబిట్‌లో ఇదే పద్ధతి ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. క్రిస్మస్ కానుకగా వచ్చిన గుడ్డకుందేలును పిల్లవాడు రెండు గంటలు ముద్దుచేసి మరిచిపోతాడు. గదిలో తాళంచెవి తిప్పితే నడిచే బొమ్మలకు దానంటే చిన్నచూపు. యుద్ధంలో వికలాంగులైన సైనికులు చేసిన కొయ్య సింహం సైతం గొప్పలు పోతుంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన నాలుగేళ్లకు వచ్చిన పుస్తకంలో ఆ ఒక్క వివరం చాలా చెబుతుంది. బొచ్చు ఊడి కుట్లు కనబడుతున్న ముసలి తోలుగుర్రం మాత్రం కుందేలుకు అసలు సంగతి చెబుతుంది: ప్రాణం అనేది తయారీలో పెట్టేది కాదు, ఒక పిల్లవాడు చాలాకాలం ప్రేమిస్తే వచ్చేది, వచ్చేసరికి ఒళ్లంతా అరిగిపోయి ఉంటుంది. తర్వాత అడవిలో నిజమైన కుందేళ్లు ఎదురై గెంతమంటాయి. గుడ్డకుందేలుకు వెనక కాళ్లు లేవు. పిన్‌కుషన్‌లాగా వెనక భాగమంతా ఒకే ముక్కగా కుట్టారు. గెంతడం ఇష్టం లేదని బుకాయిస్తుంది. ఆ బుకాయింపులో సిగ్గు, భయం, రోషం కలిసి ఉన్నాయి. పరుగుపందెంలో ఓడిపోతానని తెలిసిన పిల్లలెవరైనా ఆడబుద్ధి కావడం లేదని చెప్పి గట్టున కూర్చోవడం మనం రోజూ చూసేదే. రచయిత్రి ఒక కుట్టుపని లోపం నుంచి ఇంత మనస్తత్వం తీశారు.

నిస్సహాయత పిల్లలకు ఎందుకు పడుతుందో ఇక్కడే తెలుస్తుంది. నాలుగేళ్ల పిల్ల బతుకు చాలావరకు ఇతరుల చేతుల్లో ఉంటుంది. ఎప్పుడు తినాలో, ఎక్కడికి వెళ్లాలో, ఎవరి ఒళ్లో కూర్చోవాలో పెద్దవాళ్లే నిర్ణయిస్తారు. పుస్తకంలో రాజకుమారుడు, మాట్లాడే సింహం, మంత్రగత్తె అందరూ ఆ పిల్లకన్నా బలవంతులే. ఆటబొమ్మ ఒక్కటే ఆమెకన్నా చిన్నది. ఎత్తుకునేదీ పడేసేదీ, కప్పి పడుకోబెట్టేదీ మరిచిపోయేదీ ఆ పిల్లే. అంటే ఈ కథ చదివే పిల్ల ఒకేసారి రెండు చోట్ల ఉంటుంది. బొమ్మలో తన పరాధీనతను చూసుకుంటుంది, బొమ్మ యజమానిలో తన అధికారాన్ని చూసుకుంటుంది. విన్నీ ద పూ మొదట్లో క్రిస్టఫర్ రాబిన్ ఎలుగుబొమ్మను చెయ్యి పట్టి మెట్లమీదుగా ఈడ్చుకొస్తుంటే దాని తల మెట్టుమెట్టుకూ కొట్టుకుంటుంది. దిగడానికి ఇంకో మార్గం ఉండే ఉంటుందని, తల కొట్టుకోవడం కాస్త ఆగితే ఆలోచించవచ్చని దానికి అనిపిస్తుంది. ఆగడం మాత్రం దాని చేతిలో లేదు. ఇ.హెచ్. షెపర్డ్ గీసిన ఆ మెట్ల చిత్రంలో పిల్లవాడి ముఖంలో క్రూరత్వం ఏమీ లేదు, తన పనిలో తాను ఉన్నాడంతే. ప్రేమించే చెయ్యే తెలియకుండా దెబ్బ తగిలిస్తుందన్న ఎరుక పిల్లలకు ఉపన్యాసంతో రాదు, ఇలాంటి ఒక బొమ్మతో వస్తుంది.

ఈ పనికి నవల కన్నా, సినిమా కన్నా చిత్రాల పుస్తకం ఎక్కువ నప్పుతుంది. కారణం, అందులో కథ చెప్పేవి రెండు. వాక్యం ఒకటి చెబుతుంది, చిత్రం మరొకటి చూపిస్తుంది, మధ్యలో ఉన్న ఖాళీని పిల్లలు నింపుకుంటారు. డాన్ ఫ్రీమన్ కార్డురాయ్‌లో ఎలుగుబొమ్మ దుకాణం అరలో కూర్చుని ఎదురుచూస్తుంటుంది. లీసా అనే నల్లజాతి అమ్మాయి కొనమంటే, అది కొత్తదానిలా లేదని, భుజం పట్టీకి గుండీ ఊడిపోయిందని తల్లి అంటుంది. రాత్రి దుకాణం మూశాక కార్డురాయ్ తన గుండీ వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఎస్కలేటర్‌ను కొండ అనుకుంటుంది, ఫర్నిచర్ విభాగాన్ని రాజభవనం అనుకుంటుంది. పరుపుకున్న గుండీని పీకబోయి వెనక్కి పడి దీపాన్ని కూల్చేస్తుంది. చప్పుడు విన్న కాపలాదారుకు దుప్పటిలోంచి పొడుచుకొచ్చిన రెండు చెవులు కనిపిస్తాయి. ఈ ఎలుగు పైకి ఎలా వచ్చిందా అని విస్తుపోయి, చంకన పెట్టుకుని తీసుకొచ్చి అరలో పెట్టేస్తాడు. మర్నాడు లీసా తన డబ్బుల డిబ్బీ ఖాళీ చేసి దాన్ని కొనుక్కుని, ఇంటికి తీసుకెళ్లి గుండీ కుడుతుంది. ఆఖరి పేజీలో ఎలుగు స్నేహం గురించి ఒక మాట అంటుంది, లీసా తనకూ అలాగే అనిపిస్తోందని అంటుంది. ఆమె ఆ మాట విన్నదా? లేక బొమ్మను హత్తుకున్న ప్రతి పిల్లలాగే తన మనసులోది చెప్పిందా? ఫ్రీమన్ తేల్చలేదు. తేల్చకపోవడమే ఆ పేజీలో ఉన్న కళ.

మో విలెమ్స్ క్నఫుల్ బన్నీ ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో బొమ్మకు ప్రాణం లేనే లేదు. నాన్నతో కలిసి బ్రూక్లిన్‌లో లాండ్రీకి వెళ్లిన ట్రిక్సీ తన కుందేలుబొమ్మను వాషింగ్ మెషీన్‌లో మరిచిపోతుంది. ఇంకా మాటలు రాని పాప కాబట్టి గుర్తొచ్చాక ఏడుస్తుంది, ఒళ్లు వదిలేసి జారిపోతుంది. తండ్రికి మాత్రం అర్థం కాదు. ఇక్కడ చెప్పుకోలేని నిస్సహాయత బొమ్మ నుంచి పిల్లకు బదిలీ అయింది. వీధులు, ఇళ్లు నిజమైన ఫొటోలు, మనుషులు వాటిమీద గీసిన రంగుల కార్టూన్లు. కదలని లోకం ఫొటోలో ఉంటే, ప్రాణమున్నవాళ్లు గీతల్లో ఉన్నారు. బొమ్మ కూడా గీతల్లోనే ఉంది. అంటే అది ట్రిక్సీ వైపు చేరిందని చిత్రం చెబుతుంది, వాక్యం ఎక్కడా అనదు. బొమ్మ దొరికినప్పుడు ఆ పాప నోటివెంట మొదటిసారి మాట వస్తుంది, ఆ మాట బొమ్మ పేరే. ఈ కోవకు చెందిన ఆధునిక పుస్తకాల్లో దీన్ని మించిన పొదుపు నాకు కనిపించలేదు.

పినోకియో సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. అది పరిగెత్తుతుంది, అబద్ధాలాడుతుంది, సొరచేప కడుపులోకి వెళ్లి వస్తుంది, దాని కీర్తికి ఇప్పటికీ లోటు లేదు. అయితే పినోకియోతో ఆడుకునే పిల్లవాడు కథలో ఎవరూ లేరు. అది ఎవరి చేతిలోనూ అరిగిపోదు, ఎవరూ దాన్ని పోగొట్టుకోరు. కొలోడీ రాసింది కొయ్య ఒళ్లున్న అల్లరి పిల్లవాడి కథ, అంటే పెంపకం కథ. ఒక్క చివరి పేజీలో మాత్రం అది బొమ్మ కథ అవుతుంది. మనిషిగా మారిన పిల్లవాడు, తల వాలిపోయి చేతులు వేలాడుతూ కుర్చీకి ఆనుకుని ఉన్న తన పాత కొయ్యశరీరాన్ని చూస్తాడు. నవల అంతటిలో ఒళ్లు జలదరించే చోటు అదే. నట్‌క్రాకర్ సేనానిగా యుద్ధం చేస్తుంది నిజమే, కానీ అన్న పెద్ద గింజలు కొరికించి దాని దవడ విరగ్గొట్టాక, రిబ్బను కట్టి ఒళ్లో పెట్టుకున్నది మారీ అనే పాప. యుద్ధంలోనూ చెప్పు విసిరి దాన్ని కాపాడేది ఆ పిల్లే. 1995లో వచ్చిన టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మలు ఎంత హడావుడి చేసినా, మనిషి అడుగుల చప్పుడు వినగానే ఉన్నచోటే వాలిపోవాలన్న కట్టుబాటు ఉంది. బొమ్మలను హింసించే కుర్రవాడి ముందు ఆ కట్టుబాటును ఒక్కసారి తెంచినప్పుడు ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. హద్దు ఉంది కాబట్టే దాన్ని దాటడానికి అంత విలువ వచ్చింది. ఎదురు చెప్పడానికి తెచ్చిన ఉదాహరణలే ఇలా వాదానికి బలమిస్తున్నాయి.

మరో అభ్యంతరం తల్లిదండ్రులది, కొందరు ఉపాధ్యాయులది. లేని ప్రాణాన్ని ఉందని చెప్పి పిల్లల్ని భ్రమలో పెట్టడం కాదా? దీని వెనక మనస్తత్వవేత్త పియాజే ఉన్నాడు. 1926లో వెలువడిన పుస్తకంలో ఆయన, చిన్నపిల్లలు ప్రాణమున్నవాటికీ లేనివాటికీ తేడా సరిగా గుర్తించరని వాదించాడు. తర్వాతి పరిశోధకులు ప్రశ్న మార్చి అడిగేసరికి వేరే చిత్రం బయటపడింది. 1988లో మాసీ, గెల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు, నాలుగేళ్ల పిల్లలకు ముందెన్నడూ చూడని జంతువుల, విగ్రహాల, చక్రాల వస్తువుల ఫొటోలు చూపించి, ఇది తనంతట తాను కొండ ఎక్కగలదా అని అడిగారు. విగ్రహం అచ్చం జంతువులా ఉన్నా, అది ఎక్కలేదని ఆ వయసు పిల్లలు చాలావరకు సరిగానే చెప్పారు. అంటే పిల్లలకు సంగతి తెలుసు. తెలిసే ఆడుకుంటారు. బ్రిటిష్ శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు వినికాట్ 1953లో అచ్చయిన వ్యాసంలో, పసివాళ్లు వదలకుండా పట్టుకుతిరిగే దుప్పటి ముక్క, ఎలుగుబొమ్మల గురించి రాస్తూ ఒక మంచి మర్యాదను గుర్తుచేశాడు. ఇది నువ్వు ఊహించుకున్నదా, బయట దొరికిందా అని ఆ పాపను మనం అడగం. అడగకూడదని మనకూ ఆ పాపకూ మధ్య మాటల్లో చెప్పుకోని ఒప్పందం ఉంటుంది. ఫ్రీమన్ ఆఖరి పేజీ పాటించిన మర్యాద సరిగ్గా అదే. బొమ్మకు అన్ని శక్తులూ ఇచ్చి కథ నడిపే పుస్తకమే నిజానికి ఈ ఒప్పందాన్ని తెంచుతుంది, ఎందుకంటే అది పిల్లల తరఫున తానే జవాబు చెప్పేస్తుంది.

వ్యాపారం గురించిన అభ్యంతరం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. జానీ గ్రూయెల్ ర్యాగెడీ ఆన్ బొమ్మకు 1915లో పేటెంట్ తీసుకున్నాడు, దాని కథల పుస్తకం 1918లో వచ్చింది. బొమ్మ, పుస్తకం ఒకదాన్నొకటి అమ్మిపెట్టాయి. కార్డురాయ్‌లోనూ స్నేహం దొరికేది దుకాణంలో, డబ్బు చెల్లించాకే. అయితే ఆ పుస్తకం కొనుగోలును కథకు ముగింపుగా పెట్టలేదు. గుండీ ఊడిన బొమ్మను, అమ్మకానికి పనికిరాదనిపించినదాన్ని, ఏరి తెచ్చుకుని బాగుచెయ్యడంతో ముగిసింది. కొత్తదానిమీద మోజు పెంచే ప్రకటనల లోకానికి ఇది ఎదురు నిలిచే విషయమే. ప్రేమ వల్ల అరిగిపోవడమే గౌరవమని తోలుగుర్రం చెప్పిన మాట కూడా ఆ కోవలోదే. కొనిపించే పుస్తకాలు, కాపాడుకోమనే పుస్తకాలు రెండూ ఉన్నాయి. మెరిసే కొత్త బొమ్మను వీరుణ్ని చేసే పుస్తకాన్ని అనుమానించడం మంచిదే.

ఇంతకన్నా గంభీరమైన మచ్చ ఇంకొకటి ఉంది. 1895లో ఫ్లోరెన్స్ అప్టన్ చిత్రాలతో, ఆమె తల్లి బెర్తా పద్యాలతో వచ్చిన పుస్తకంలో బొమ్మల దుకాణంలో రాత్రిపూట రెండు కొయ్యబొమ్మలు లేచి తిరుగుతాయి, వాటికి గాలివాగ్ అనే బొమ్మ ఎదురవుతుంది. తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే వేదిక ప్రదర్శనల నుంచి పుట్టిన రూపం అది. అప్టన్ కథల్లో దాని స్వభావం మంచిదే. అయినా ఆ రూపం జామ్ సీసాల మీదికి, ఇతర పిల్లల పుస్తకాల్లోకి, తిట్టుమాటల్లోకి పాకింది. 1949లో మొదలైన ఎనిడ్ బ్లైటన్ నాడీ పుస్తకాల్లో ఆ పాత్రలను తర్వాతి ముద్రణల్లో మార్చాల్సి వచ్చింది. బొమ్మ తన రూపాన్ని తాను ఎంచుకోలేదు, చేసినవాళ్ల మనసులోని వికారం దాని ముఖం మీద ఉండిపోతుంది. అందుకే కార్డురాయ్‌ను ఎత్తుకున్న చేతులు నల్లపిల్లవి కావడం 1968లో చిన్న విషయం కాదు. తోమీ ఉంగెరర్ 1999 నాటి తన పుస్తకంలో ఈ నిస్సహాయతనే చరిత్రకు సాక్ష్యంగా మలిచాడు. ఒట్టో అనే ఎలుగుబొమ్మ జర్మనీలో డేవిడ్ అనే యూదు పిల్లవాడిది. రాయడం నేర్పబోతే ముఖాన సిరా మరక పడుతుంది. డేవిడ్ కుటుంబాన్ని నాజీలు పట్టుకుపోయేటప్పుడు ఒట్టో అతని స్నేహితుడు ఆస్కర్ చేతికి వస్తుంది. ఆ తర్వాత బాంబులు, ఒక అమెరికన్ సైనికుడు, పాతసామాను దుకాణం. ఏళ్ల తర్వాత ఆ మరకను చూసే ఆస్కర్ గుర్తుపడతాడు. ఒట్టో ఎవరినీ రక్షించాలని నిర్ణయించుకోదు, అన్నీ చూస్తుంది, అంతే. పిల్లలకు ఆ కాలం గురించి చెప్పడానికి ఇంతకన్నా నిజాయితీగల కథకుడు దొరకడం కష్టం, ఎందుకంటే ఆ పిల్లలూ ఏమీ చేయలేకపోయారు.

వెల్వెటీన్ ర్యాబిట్ ముగింపు నా వాదానికి అడ్డం రాదా? పిల్లవాడికి స్కార్లెట్ జ్వరం వచ్చి తగ్గాక, క్రిములున్నాయని డాక్టరు చెప్పడంతో కుందేలును సంచిలో వేసి కోళ్లగూడు వెనక పడేస్తారు. తోటమాలికి ఆ సాయంత్రం బంగాళదుంపలు తవ్వే పని, బఠాణీలు కోసే పని ఉండి, కాల్చడం తెల్లవారికి వాయిదా వేస్తాడు. పిల్లవాడు సముద్రతీరానికి వెళ్లే సంబరంలో, గాజుకళ్ల కొత్త కుందేలు పక్కన నిద్రపోతుంటాడు. ఇక్కడివరకు ఇది అండర్సన్‌తో సమానమైన రచన. తర్వాత కన్నీటిబొట్టు నుంచి దేవత పుట్టి గుడ్డకుందేలును అడవికుందేలుగా మార్చేస్తుంది. ఆ పేజీలు మిగతావాటికన్నా బలహీనమని నా తీర్పు. బొమ్మగా పొందిన ప్రాణం చాలదన్నట్టు, నాలుగు కాళ్లిచ్చి బహుమానం చేయడం తోలుగుర్రం మాటను తక్కువ చేయడమే. కానీ రచయిత్రి అక్కడ ఆపలేదు. వసంతంలో ఆ కుందేలు పిల్లవాడి దగ్గరికి వచ్చి చూస్తే, అతను తన పాత బొమ్మలా ఉందే అనుకుంటాడు తప్ప గుర్తుపట్టడు. కాళ్లొచ్చినా చెప్పుకునే నోరు రాలేదు. అక్కడ కథ మళ్లీ దారిన పడింది.

తెలుగువాళ్లకు మాట్లాడే బొమ్మలు కొత్త కాదు. 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు తెలుగు చేసిన సింహాసన ద్వాత్రింశికలో 32 సాలభంజికలు భోజరాజును ఆపి కథలు చెబుతాయి. అయితే అవి అధికారంతో పలికే బొమ్మలు, రాజును పరీక్షించే పెద్దలు. పిల్లల చేతిలో నలిగే బొమ్మ వేరు. దానికి మన ఇళ్లలో వేరే సంప్రదాయం ఉంది. బొమ్మల పెళ్లిళ్లలో పిల్లలే వియ్యాలవారై, లక్కపిడతల్లో వండి వడ్డిస్తుంటే పెద్దవాళ్లు నిజం పెళ్లి మర్యాదతోనే వచ్చి కూర్చునేవారు. వినికాట్ చెప్పిన ఒప్పందం అక్కడ మాట అవసరం లేకుండా అమలైంది. ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మ రంగు వెలిసి, కొండపల్లి తెల్లపొణికి ఏనుగు తొండం విరిగి ఏ ఇంటి అటకమీదో ఉంటాయి. కదలకుండానే కథ నడిపించగల పాత్రలు అవి. వాటితో చిత్రాల పుస్తకం చెయ్యాలనుకునేవాళ్లు వాటికి రెక్కలు తొడగనవసరం లేదు.

ఆలోగా చేయగల పని ఒకటి ఉంది. మన కాపీరైటు చట్టం ప్రకారం రచనపై హక్కులు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లకు ముగుస్తాయి. మార్జరీ విలియమ్స్ 1944లో, ఆ పుస్తకానికి చిత్రాలు వేసిన విలియం నికల్సన్ 1949లో చనిపోయారు. వెల్వెటీన్ ర్యాబిట్‌ను అసలు చిత్రాలతో సహా తెలుగులో ఎవరైనా అచ్చు వేయవచ్చు. ఆ పని చేసేవారికి నా విన్నపం: పిల్లలు దిగులుపడతారని కోళ్లగూడు వెనక సంచిని తీసేయకండి, తోటమాలి బంగాళదుంపలను కుదించకండి. చిత్రాలు కొత్తగా వేయించేట్టయితే, అడవిలో కుందేళ్లు ఎదురైన పేజీలో ఆ గుడ్డకుందేలుకు వెనక కాళ్లు మాత్రం వేయించకండి.